పట్టణములో గూడు పెట్టిన బైరి డేగ

పాఠ్యభాగము: యోబు 39:26–30, ద్వితీయోపదేశకాండము 22:6, 7, యిర్మీయా 29:4–7
కంఠస్థ వాక్యము: కీర్తనలు 84:3



ఆకాశపక్షులను చూడుమని ప్రభువు తన శిష్యులకు ఆజ్ఞాపించెను (మత్తయి 6:26). లూకా 12:24లో ఆ ఆజ్ఞ మరింత లోతుగా నున్నది. తల యెత్తి ఒకసారి చూచి దాటిపోవుట చాలదు; సంగతి బోధపడువరకు చూడవలెను. ఈ నెల మనము అట్లు చూడదగిన పక్షి బైరి డేగ. మన ప్రాంతములో ఉర్దూ, హిందీ మాటలాడువారు మన దేశములోనే స్థిరముగా నివసించు దీని జాతిని షాహీన్ అందురు. పూర్వము రాజులు వేటకై పెంచిన పక్షులలో డేగలు ముఖ్యమైనవి. సాళువ రాజుల వంశనామము కూడ వేట డేగ పేరే.

శాస్త్రజ్ఞులు దీనికి లాటినులో ఫాల్కో పెరిగ్రినస్ అని పేరు పెట్టిరి. పెరిగ్రినస్ అనగా పరదేశి, యాత్రికుడు. హెబ్రీయులకు 11:13లో విశ్వాస వీరులు తాము భూమిమీద పరదేశులమని ఒప్పుకొనిరని చదువుచున్నాము. లాటిను బైబిలులో అచ్చట నున్నది ఈ మాటయే. ఉత్తరధ్రువ ప్రాంతములలో పుట్టిన బైరి డేగలు కొన్ని చలికాలమున వేల మైళ్లు దాటి మన దేశపు చెరువుల యొద్దకును సముద్ర తీరములకును వచ్చును. దక్షిణమునకు రెక్కలు చాచు డేగకు ఆ దారి నేర్పినది నీవా యని దేవుడు యోబు నడిగెను. ఆ ప్రశ్న నేటికిని మన యెదుట నిలిచియున్నది.

ఈ పక్షి ఇంచుమించు కాకి అంత యుండును. రెక్కలు పొడవుగా, కొనలు వాడిగా నుండును. చెంపల మీద మీసము వంటి నల్లని గుర్తు కలదు. మగపక్షి ఆడుదానికంటె దాదాపు మూడవవంతు చిన్నది. మిక్కిలి ఎత్తునకు ఎగిరి, రెక్కలు ముడుచుకొని, ఎర మీదికి దూకునప్పుడు దీని వేగము గంటకు 300 కిలోమీటర్లు మించును. ప్రాణులన్నిటిలో ఇంత వేగము గలది మరి యేదియు లేదు.

1. బండను వెదకు పక్షి

బైరి డేగ పుల్లలు తెచ్చి గూడు అల్లదు. నిటారైన కొండ బండలో ఒక అరుగు చూచుకొని, అచ్చటి కంకరలో రొమ్ముతో గుంట చేసి, మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. మన దేశపు షాహీన్ ఎక్కువగా ఇట్టి బండలనే ఆశ్రయించును. అయితే ఈ పక్షి పెద్ద పట్టణములలో కూడ గూడు పెట్టుట లోకమంతట కనబడుచున్నది. కెనడా దేశమందు మాంట్రియల్ నగరములో సన్ లైఫ్ అను భీమా సంస్థవారి ఎత్తైన మేడ మీద 1936 మొదలు 1952 వరకు ఒక ఆడ డేగ కాపురముండెను. ఇంగ్లాండులో డెర్బీ పట్టణపు కెథీడ్రల్ గోపురము మీద 2006లో ఒక జంట పిల్లలను పెంచెను. సాల్స్‌బరీ కెథీడ్రల్‌లో 1953 తరువాత మరల 2014లో పిల్లలు పుట్టెను. దేవుని బలిపీఠము నొద్ద పిచ్చుకకు గూడు దొరికెనని కీర్తనకారుడు ఆనందించెను. ఈ కాలములో డేగకును దేవాలయములో చోటు దొరికినది.

మెదక్ కెథీడ్రల్ చూచిన మనకు ఇది సులభముగా తెలియును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయపు గోపురము 175 అడుగుల ఎత్తు గలది. క్రింద నిలిచి తల యెత్తిన మనిషికి అది దేవాలయము. పైనుండి చూచు డేగకు అట్టి గోపురము నిటారైన బండ. బండ యెచ్చట నుండునో అచ్చట దానికి ఇల్లు. చోటు మారినను దాని స్వభావము మారలేదు.

అయితే ఒక సంగతి గమనించుడి. మేడ ఎత్తుగా నున్నంత మాత్రమున గూడు నిలువదు. నున్నని రాతి అంచున పెట్టిన గ్రుడ్డు దొర్లిపోవును, లేదా వాననీటిలో నాని చెడును. అందుచేత మాంట్రియల్‌లో ఆ పక్షిని ప్రేమించినవారు కంకర పోసిన పెట్టెను అంచున అమర్చిరి. డెర్బీలో కూడ గోపురము మీద చెక్క బల్ల కట్టి కంకర పోసిరి. గుప్పెడు కంకర ఒక వంశమును నిలిపినది.

2. ఇద్దరి కాపురము

దూరమునుండి దూరదర్శినులతో ఈ జంటలను కనిపెట్టువారు చూచిన క్రమము ఇది. గ్రుడ్లు పొదుగుటకు సుమారు ఒక నెల పట్టును. ఎక్కువ కాలము తల్లి పొదుగును; తండ్రి వేటాడి ఆహారము తెచ్చును. తల్లి తినుటకు లేచినప్పుడు తండ్రి గ్రుడ్ల మీద కూర్చుండును. పిల్లలు పుట్టిన తరువాత తల్లి మాంసమును చిన్న చిన్న తునకలుగా చీల్చి ఒక్కొక్క నోటికి అందించును. సుమారు ఆరు వారములకు పిల్లలు ఎగురును. అప్పుడు తలిదండ్రులు ఎరను కాళ్లతో పట్టుకొని గూటి యెదుట ఎగురుచు పిల్లలను బయటికి పిలుచును. గాలిలో ఎర అందుకొనుట నేర్పును. ద్వితీయోపదేశకాండము 32:11లో మోషే చూపిన చిత్రము ఇటువంటిదే.

మన ఇండ్లలో పొదుగు భారమంతయు తల్లి మీదనే పడుచున్నది. తండ్రి సంపాదించి తెచ్చుటతో తన పని ముగిసినదని తలంచును. పిల్లవానిని ఒడిలో నుంచుకొని వాక్యము చదివించు తండ్రులు మన సంఘములో ఎందరున్నారు? డేగ సహితము తన వంతున గ్రుడ్ల మీద కూర్చుండుచున్నది.

3. ఒక ప్రశ్న

పావురమును చంపి తిను పక్షిని మాదిరిగా చూపవచ్చునా యని కొందరడుగుదురు. లేవీయకాండము 11:16 ప్రకారము డేగ తినదగని పక్షియే. అయినను తినకూడనిది ద్వేషింపదగినది కాదు. సింహపు పిల్లలు తమ ఆహారమును దేవుని యొద్దనే అడుగుకొనునని కీర్తన 104:21 చెప్పుచున్నది. నోవహుతో చేసిన నిబంధనలో దేవుడు పక్షులను కూడ చేర్చెను (ఆది. 9:10). వాటిలో డేగను మినహాయింపలేదు. సృష్టి ఇంకను మూలుగుచున్నదని పౌలు వ్రాసెను (రోమా 8:22). ఆ మూలుగు తీరు దినము దేవుని చేతిలో నున్నది. అంతవరకు ఆయన పోషించుదానిని మనము నాశనము చేయరాదు.

4. పెంకు పలుచనైన దినములు

1939లో స్విట్జర్లండ్ దేశస్థుడైన పాల్ ముల్లర్ డి.డి.టి. పురుగులను చంపునని కనుగొనెను. దానికై 1948లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ మందు పేలవలన వచ్చు విషజ్వరమునుండియు మలేరియానుండియు అనేకుల ప్రాణములు కాపాడెను, ఇది మరువరాదు. యుద్ధము ముగిసిన తరువాత దానిని పొలములలో విస్తారముగా చల్లిరి.

ఇంగ్లాండులో పావురములు పెంచువారు డేగలు మితిమీరి పెరిగి తమ పక్షులను తినివేయుచున్నవని ప్రభుత్వమునకు మొర పెట్టుకొనిరి. నిజము తెలిసికొనుటకై 1961లో డేగలను లెక్కించిరి. పెరుగుటకు బదులు అవి అతివేగముగా తరిగిపోవుచుండెను. నిందింపబడిన పక్షియే గాయపడినదని అప్పుడు తెలిసినది. 1964 నాటికి అమెరికాలో మిస్సిసిపీ నదికి తూర్పున గూడు పెట్టిన జంట ఒక్కటియు కనబడలేదు.

కారణమును డెరెక్ రాట్‌క్లిఫ్ అను శాస్త్రజ్ఞుడు 1967లో చూపెను. మందు పురుగు మీద పడెను. పురుగును చిన్న పక్షి తినెను. అట్టి చిన్న పక్షులను అనేకము డేగ తినెను. మెట్టు మెట్టునకు విషము కూడుకొని పై మెట్టున నున్న దానిలో అధికమాయెను. డేగ వెంటనే చావలేదు. ఎగిరెను, వేటాడెను, జతకూడెను. కాని దాని గ్రుడ్డు పెంకు పలుచబడెను. తల్లి ప్రేమతో పొదుగుటకు కూర్చుండగా ఆ బరువునకే గ్రుడ్డు పగిలెను.

ప్రియులారా, ఈ మాట దగ్గర కొంచెము ఆగుడి. తల్లికి ప్రేమ తక్కువ కాలేదు. ఆమెకు తెలియకుండ ఆమెలో చేరిన విషము ఆమె ప్రేమనే నాశన సాధనముగా చేసెను. తండ్రులు పుల్లని ద్రాక్షలు తినగా పిల్లల పళ్లు పులిసెనని ఇశ్రాయేలీయులు సామెత చెప్పుకొనిరి (యెహె. 18:2). ఆ సామెత ఇక పలుకరాదని, ఎవని పాపమునకు వాడే ఉత్తరవాదియని దేవుడు ఖండితముగా చెప్పెను. కాబట్టి పిల్లలు శిక్షార్హులని మనము చెప్పరాదు. అయినను మన నడతవలన వారికి గాయము తగులుట నిజము. తండ్రి త్రాగుడు, తల్లి అప్పు, ఇంటిలో ప్రతిదినము వినబడు కఠినమైన మాట, కట్నముకొరకు పడు ఆశ, ఇవి మనలను ఒక్క దినములో పడద్రోయవు. మనము దేవాలయమునకు వచ్చుచునే యుందుము, పాటలు పాడుచునే యుందుము. పెంకు పలుచబడునది పిల్లలలో.

5. మరల నింపబడిన గూళ్లు

ఈ కథ నాశనముతో ముగియలేదు. 1962లో రేచల్ కార్సన్ అను స్త్రీ తన గ్రంథముతో లోకమును మేల్కొలిపెను. 1972లో అమెరికా ప్రభుత్వము పొలములలో డి.డి.టి. వాడుకను నిషేధించెను. టామ్ కేడ్ అను ఆచార్యుడును ఆయన తోడివారును డేగలను పెంచి, పిల్లలను కొండల మీదను మేడల మీదను విడిచిపెట్టిరి. ఇట్లు విడువబడినవి 4,000కు మించినవి. 1999లో అక్కడి ప్రభుత్వము ఆ పక్షిని అపాయస్థితి పట్టికనుండి తొలగించెను. మన దేశములో వ్యవసాయమునకు డి.డి.టి. 1989లో నిషేధింపబడెను. మారుమనస్సు అనగా కన్నీరు మాత్రమే కాదు. విషము చల్లు చేతిని ఆపుట, ఆ తరువాత ఏండ్ల తరబడి ఓర్పుతో పెంచుట.

మన ఊళ్ల సంగతియు ఇట్టిదే. పశువులకిచ్చిన డైక్లోఫినాక్ మందు వలన రాబందులు మన దేశములో దాదాపు కనుమరుగాయెను. 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడెను. జహీరాబాదు ప్రాంతమున ప్రత్తికిని చెరకునకును మందులు కొట్టువారు మన సంఘములలో ఉన్నారు. పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు పురుగుమందులు లేకయే జొన్నలు, కొర్రలు, కందులు కలిపి పండించి చూపిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. చదువు రాని చేతులు చేసిన ఈ పనిని రైతులైన విశ్వాసులు వెళ్లి చూడవలెను. అంతవరకు మందు కొట్టువారు ముఖమునకు గుడ్డ కట్టుకొనుడి. ఖాళీ డబ్బాలో నీళ్లు గాని గింజలు గాని పోయకుడి. ఆ డబ్బాను ఇంటిలో ఉంచకుడి. అది పసిబిడ్డ చేతికి అందరాదు. అప్పుతో క్రుంగి రాత్రి నిద్రపట్టనివాని చేతికి అసలే అందరాదు. అట్టి దుఃఖములో నున్నవారు మీ యింట నుండినయెడల ఆ రాత్రియే పాస్టరుగారి తలుపు తట్టుడి. వానిని ఒంటరిగా విడువకుడి.

6. పట్టణమునకు పోవు మన పిల్లలు

మన పిల్లలు హైదరాబాదు, పూణె, ముంబయి పట్టణములకు పనికొరకు పోవుచున్నారు. పట్టణము చెరచునని పెద్దలు భయపడుదురు. బబులోనునకు చెరపట్టబడినవారితో ఇండ్లు కట్టుకొనుడని, ఆ పట్టణ క్షేమముకొరకు ప్రార్థన చేయుడని దేవుడు యిర్మీయా ద్వారా చెప్పెను. యాత్రికుడు పట్టణములో నివసింపవచ్చును. తన బండను మాత్రము విడువరాదు.

బైరి డేగ పిల్లలలో దాదాపు సగము, కొన్ని చోట్ల అంతకు మించి, మొదటి సంవత్సరములోనే చనిపోవును. ఇల్లు విడిచిన మన యౌవనులకును మొదటి సంవత్సరమే కఠినమైనది. అప్పుడు వారికి కావలసినది గుప్పెడు కంకర. పౌలు ఫీబేను రోమా సంఘమునకు ఉత్తరముతో అప్పగించెను (రోమా 16:1, 2). మన సంఘపు పెద్దలు పోవు ప్రతి బిడ్డకు సిఫారసు ఉత్తరమియ్యవలెను. అచ్చటి పాస్టరుగారికి ముందుగా తెలియజేయవలెను. పట్టణ సంఘములవారు ఆ బిడ్డను ఒక ఆదివారము భోజనమునకు పిలువవలెను. దేవాలయపు గోపురము ఎంత ఎత్తైనను, పిలిచి కూర్చుండబెట్టువారు లేనియెడల గ్రుడ్డు దొర్లిపోవును.

తల్లిపక్షిని పిల్లలతో కూడ పట్టుకొనరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను (ద్వితీ. 22:6, 7). అంత చిన్న ఆజ్ఞకు జతపరచిన వాగ్దానము మేలును దీర్ఘాయువును. తలిదండ్రులను సన్మానించువారికి ఇయ్యబడినదియు ఆ వాగ్దానమే (ద్వితీ. 5:16). గూటిని కాపాడువానిని దేవుడు అంతగా ఘనపరచుచున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో పిల్లల "పెంకును" పలుచన చేయుచున్నది ఏది? ఈ నెలలో దానిని ఆపుటకు ఏమి చేయుదుము?
2. పొదుగు భారములో తండ్రి వంతు ఏది?
3. గత సంవత్సరము మన సంఘమునుండి పట్టణమునకు పోయినవారి పేర్లు వ్రాయుడి. వారిలో ఎవరికి ఉత్తరము వ్రాసితిమి?
4. మన పొలములోని మందు ఎవరెవరిని చేరుచున్నది?

ప్రార్థన: ఆకాశపక్షులను పోషించు తండ్రీ, మాలో దాగియున్న విషమును మాకు చూపి తీసివేయుము. మా పిల్లలు ఎక్కడ కాపురమున్నను నీవే వారికి బండవై యుండుము. వారికి కంకర పోయు చేతులుగా మమ్మును వాడుకొనుము. క్రీస్తు నామమున వేడుచున్నాము. ఆమేన్.