సేన్‌పియేర్ పట్టణము

అట్లాంటిక్ మహాసముద్రమునకును కరిబియను సముద్రమునకును నడుమ విల్లువలె వంగియున్న చిన్నదీవుల వరుసలో మార్టినీక్ అను దీవి కలదు. అది ఫ్రాన్సు దేశమున కొక భాగము. దాని వాయవ్యతీరమున, పెలే అను అగ్నిపర్వతము పాదముచెంత సేన్‌పియేర్ పట్టణమున్నది. ఎదుట నీలి అఖాతము, వెనుక మేఘములలో తల దాచుకొనిన పచ్చని కొండ, నడుమ బారులు తీరిన పెంకుటిండ్లు. ఓడపై వచ్చు యాత్రికుని కన్నులకు మొదట విందుచేయునది ఈ సౌందర్యమే. ఒడ్డున దిగి కొంతదూరము నడచిన పిమ్మటగాని, ఆ యిండ్ల నడుమనున్న మొండిగోడలు అతని కంటబడవు. తీరమందలి ఇసుక సైతము నల్లనిది. కొండ వెళ్ళగ్రక్కిన రాళ్ళే అరిగి పొడియై అట్లు పరచుకొనినవి.

1635లో ఫ్రెంచివారు ఈ పట్టణమును స్థాపించిరి. ఆఫ్రికానుండి బానిసలుగా కొనితెచ్చినవారిచే చెఱకుతోటలు సాగుచేయించి, చక్కెర వ్యాపారమున వర్తకులు ధనవంతులైరి. 1848లో బానిసత్వము రద్దైనది. పంతొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి అచట గుఱ్ఱములు లాగు ట్రాముబండ్లు, గొప్ప వృక్షోద్యానము, ఎనిమిదివందలమంది కూర్చుండదగిన నాటకశాల యుండెను. దీవికి రాజధాని ఫోర్-ద-ఫ్రాన్స్ అయినను, జనులు సేన్‌పియేర్‌నే ‘ఆంటిలీస్ దీవుల ప్యారిస్’ అని చెప్పుకొనెడివారు.

1902 ఏప్రిలు నెలలో పెలే శిఖరమునుండి పొగ వెడలసాగెను. గంధకపువాసన వీధులలో వ్యాపించెను. బూడిద కురిసి ఇండ్ల పైకప్పులు తెల్లబడెను. కొండపైని విషసర్పములు నిలువలేక దిగువ తోటలలో చొరబడి మనుష్యులను, పశువులను కఱచెను. మే 5వ తేదీన కొండనుండి ఉరికిన వేడిబురద, పట్టణమునకు ఉత్తరముననున్న ఒక చక్కెర కర్మాగారమును పనివారితో కూడ కప్పివేసెను.

ఇన్ని సూచనలు కనబడినను పట్టణము ఖాళీ కాలేదు. పరిస్థితిని పరిశీలించుటకు నియమింపబడిన సంఘము, సేన్‌పియేర్‌కు భయములేదని తేల్చెను. కొండకును పట్టణమునకును నడుమ లోతైన లోయలున్నవి గనుక, లావా ప్రవహించినను వానిలోనే నిలిచిపోవునని వారి తర్కము. లావా విషయమున ఆ యూహ తప్పు కాదు. కాని రానున్నది లావా కాదు. గవర్నరు లూయీ మూతే జనులకు ధైర్యము చెప్పుటకై మే 7న భార్యతో కూడ వచ్చి అచటనే బసచేసెను. పరిసరగ్రామములవారు సైతము పట్టణమే క్షేమమని తలచి వచ్చి చేరిరి. మే 11న జరుగవలసిన ఎన్నికకొఱకే జనులను కదలనీయలేదని కొందఱు వ్రాసిరి. అది పూర్తి సత్యము కాదు. ఆ యాపద స్వరూపము నాటి శాస్త్రమునకే తెలియదు.

మే 8న ఉదయము సుమారు 8 గంటలకు కొండబిలమునుండి ఒక నల్లని మేఘము వెడలెను. మండు వాయువు, బూడిద, రాతితునుకలు కలిసిన ఆ మేఘము లోయలను లక్ష్యపెట్టక నేలబారుగ దొర్లుచు, ఒకటి రెండు నిమిషములలో పట్టణముపై విఱుచుకొనిపడెను. సుమారు 28,000 మంది ప్రాణములు గోల్పోయిరి. గవర్నరు దంపతులును వారిలో నుండిరి. రేవులోని ఓడలు తగులబడి మునిగెను. రాడమ్ అను ఆవిరియోడ కాలుచునే తప్పించుకొని, సెయింట్ లూసియా దీవికి చేరెను. ఆ సంవత్సరమే దీవికి వచ్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ లాక్రువా ఇట్టి ప్రేలుళ్ళను పరిశీలించి, వానికి ‘మండుమేఘము’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. అగ్నిపర్వతశాస్త్రమున నేడు ‘పెలే తరహా ప్రేలుడు’ అను మాటయు ఈ కొండపేరునుండి వచ్చినదే.

నేటి యాత్రికులు మొదట నాటకశాల శిథిలములను దర్శింతురు. ద్వారముకడ జంటమెట్లు నేటికిని నిలిచియున్నవి. వానిని ఎక్కి చూచినచో లోపల పైకప్పులేని గోడలే. దాని సమీపముననే చెఱసాలగది యున్నది. సిపారిస్ అను ఖైదీ ఇందులో బ్రతికెను. దట్టమైన రాతిగోడలు, గాలి చొచ్చుటకు ఇఱుకైన సందు మాత్రమే కలిగిన ఈ గది అతనికి శిక్షగా ఈయబడినది; అదియే అతనిని కాపాడెను. ఒడలెల్ల కాలినను మూడుదినములు సజీవుడై యుండగా, శిథిలములను వెదకువారు అతని కేకలు విని వెలికిదీసిరి. అటుపిమ్మట అతడు అమెరికా సర్కసు కంపెనీతో దేశములు తిరిగెను. పట్టణములో చెప్పులు కుట్టుకొను లేయోన్ కొంపేర్ అనువాడును ఇట్లే బయటపడెను గాని, యాత్రికులు అతనిని అంతగా తలంపరు.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ పెరెట్ 1933లో నెలకొల్పిన ప్రదర్శనశాలలో, వేడికి కరిగి ముద్దకట్టిన గాజుసామగ్రి, రూపుచెడిన చర్చిగంట కలవు. ఈత నేర్చినవారు అఖాతమున మునిగి, నాటి ఓడలను చూచివత్తురు. రొరైమా అను ఓడ సుమారు 50 మీటర్ల లోతున నున్నది. నడకయందు ప్రీతిగలవారు సమీపమందలి బోరెగార్ కాలువకు పోవుదురు. పదునెనిమిదవ శతాబ్దమున బానిసలచే కట్టించిన ఈ కాలువ కొండచఱియను అంటియుండును. దాని సన్నని గట్టుపై నడచునపుడు ఒకవైపు నీరు, ఒకవైపు అగాధము!

పెలే కొండ చల్లారలేదు. 1902 ఆగస్టులో మరల ప్రేలి, మోర్న్-రూజ్ గ్రామమున వేయిమందికి పైగా చంపెను. 1929 మొదలు 1932 వఱకు మఱియొకసారి రగిలెను. 2020 డిసెంబరులో భూకంపనములు ఎక్కువగుటచే అధికారులు హెచ్చరికస్థాయిని ఆకుపచ్చనుండి పసుపునకు మార్చిరి. శాస్త్రజ్ఞులు యంత్రములతో కొండను ఎల్లవేళల కనిపెట్టుచున్నారు. 2023లో ఈ కొండయు, దాని అడవులును ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చబడినవి.

ఐనను కొండ నెక్కువారికి కొదువలేదు. మోర్న్-రూజ్ పైనుండి కాలిబాట కలదు. శిఖరము ఎత్తు 1,397 మీటర్లు. ఆకాశము నిర్మలమైయున్నచో, అచటినుండి సేన్‌పియేర్ అరచేతిలో ఇమిడినట్లు కనబడును. 1902లో ఆ మేఘము రెండు నిమిషములలో గడచిన దూరమును కాలినడకను దిగుటకు కొన్ని గంటలు పట్టును. ప్రొద్దెక్కినకొలది మబ్బు క్రమ్మి ఏమియు కానరాదు. అందుచేత ఎక్కువారు వేకువనే బయలుదేరుదురు.