మొదటి తల లేచినప్పుడే

అక్టోబరు చివర్లో కొల్లేరు చేరిన సూదితోక పోతుబాతుని పోల్చుకోవడం కష్టం. పెట్టలాగే మాసిన గోధుమరంగులో ఉంటుంది. పిల్లల్ని చేసే కాలం అయిపోగానే రంగుటీకలు రాల్చేసుకుని వస్తుంది మరి. చలి ముదిరేకొద్దీ కొత్త ఈకలు మొలుస్తాయి. సంక్రాంతి నాటికి చాక్లెట్ రంగు తల, మెడకి రెండువైపులా తెల్లటి చార, పొడవాటి తోక అన్నీ అమరుతాయి. ఏలూరు నుంచో తాడేపల్లిగూడెం నుంచో కెమెరా భుజాన వేసుకుని బయల్దేరే కుర్రకారుకి నేను ముందు చెప్పేది ఇదే: అదను తెలుసుకుని వెళ్లండి.

పొద్దున్నే అయితే తూర్పు గట్టు మేలు, ఎండ వీపు వెనక నుంచి పడుతుంది. అక్కడ బోర్లా పడుకోవాలి. కెమెరా నీటిమట్టానికి దిగితేనే బాతు కన్ను మన కంటికి ఎదురవుతుంది. అది తల ముంచి ముంచి వీపు మీద నీళ్లు పోసుకుంటోందంటే, కాసేపట్లో నీటిమీద నిక్కి రెక్కలు విదిలిస్తుంది. ఆ సంగతి తెలిసినవాడి వేలు ముందే బటన్ మీద ఉంటుంది. అదృష్టం అని మనం పేరు పెట్టేదాంట్లో చాలా భాగం ఇలాంటి గమనింపేనని నా నమ్మకం.

చేయి తిరిగిన దోనెవాడు పరజల (అడవిబాతుల) గుంపు వైపు నేరుగా పోడు. పక్కకి పోతున్నట్టు ఏటవాలుగా పోతాడు. మేస్తున్న వాటిలో ఒక్కటి తల ఎత్తిందా, గెడ ఆపేస్తాడు. మెడలన్నీ నిటారుగా లేచాక ఆపి లాభం లేదు, ఉన్నచోటి నుంచే నిట్టనిలువుగా ఎగిరిపోతాయి.

ఆ మొదటి తలని మనం ఇంట్లో ఎందుకు చూడం? పదో తరగతి పిల్లాడిని మార్కుల గురించి అడుగుతాం. రెండో ప్రశ్నకే వాడు చూపు తిప్పుకుంటాడు. అయినా మూడోది, నాలుగోది అడుగుతూనే ఉంటాం. వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. రెండో ప్రశ్న దగ్గరే ఆగి "సరే, టిఫిన్ తిందాం రా" అంటే, సాయంత్రానికి వాడే వచ్చి చెప్పే అవకాశం ఉండేది. ఆఫీసులో మన కింద పనిచేసేవాళ్ల దగ్గరా ఇదే తంతు.

మళ్లీ బాతుల దగ్గరికొస్తే, కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోనూ చేరింది. అయినా చేపల చెరువులు పోగా మిగిలిన నీళ్లే ఈ బాతులకి దిక్కు. సూదితోకలు ఎక్కువగా రాత్రి మేసి పగలు విశ్రాంతి తీసుకుంటాయి. పగటిపూట మనం లేపిన ప్రతిసారీ, సైబీరియా వైపు తిరిగి ఎగరడానికి దాచుకుంటున్న కొవ్వు కొంత కరిగిపోతుంది. అందుకే గుంపుని బెదరగొట్టి తీసిన ఫొటో ఎంత బాగా వచ్చినా నేను మెచ్చుకోలేను.

కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు మనుషులకి కొంత అలవాటు పడ్డాయి. మొదట అక్కడికి వెళ్లండి. కెమెరా సంచిలోనే ఉంచి, ఏ పిట్ట ఎప్పుడు, దేనికి తల ఎత్తుతోందో ఓ గంట చూడండి. పరజల దగ్గరికి ఆ తర్వాత పోవచ్చు.