లాభం వేరు, గల్లాలో డబ్బు వేరు



కామర్సు విద్యార్థులకు 'వర్కింగ్ క్యాపిటల్' అనే పాఠం ఉంటుంది. తెలుగులో నిర్వహణ మూలధనం అంటారు. చాలామంది నిర్వచనం బట్టీపట్టి, పరీక్ష కాగానే మరచిపోతారు. బరంపురంలో బ్యాంకు గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన నేను, లాభంలో ఉండి కూడా చేతిలో డబ్బు ఆడక మూతపడిన చిన్న దుకాణాలను చాలా చూశాను. అందుకే ఈ పాఠాన్ని ఒక లెక్కతో చెబుతాను.

ఒక కిరాణా దుకాణం ఉందనుకుందాం.

నెల అమ్మకాలు: రూ. 3,00,000
సరుకు ఖరీదు: రూ. 2,70,000
అద్దె, కరెంటు, కుర్రవాడి జీతం: రూ. 18,000
నికర లాభం: రూ. 12,000

ఇప్పుడు 20 ఇళ్లవారు తలా రూ. 1,500 పద్దును "వచ్చే నెల ఇస్తాం" అన్నారు. అంటే రూ. 30,000 ఆగిపోయింది. పుస్తకంలో లాభం రూ. 12,000 అలాగే ఉంటుంది. గల్లాలో మాత్రం రూ. 18,000 లోటు. ఇంటి ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. టోకు వర్తకుడు ఆగడు, అద్దె ఆగదు.

అప్పుడు దుకాణదారు రోజువారీ ఫైనాన్సుకు వెళతాడు. రూ. 10,000 అప్పని రాయించుకుని చేతికి రూ. 9,000 ఇస్తారు. రోజుకు రూ. 100 చొప్పున 100 రోజులు కట్టాలి. చూడటానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కనుక, సరిగా లెక్కవేస్తే సంవత్సరానికి 75 శాతం దాటుతుంది. పదిశాతం లాభం మీద నడిచే దుకాణం ఈ వడ్డీని ఎంతకాలం మోయగలదు?

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల్లోనూ, 2020 లాక్‌డౌన్‌లోనూ వీధి చివరి దుకాణదారులు మనకు పద్దు మీద బియ్యం, పప్పు ఇచ్చారు. కష్టకాలంలో వారు మనకు ఇచ్చింది తమ నిర్వహణ మూలధనాన్నే. దానిని సకాలంలో తిరిగి ఇవ్వడమే మనం చేయగల మొదటి సహాయం.

తల్లిదండ్రులకు: జీతం రాగానే పద్దు తీర్చండి. మొత్తం వీలుకాకపోతే రూ. 500 అయినా ఇచ్చి, మిగతాది ఏ తేదీన ఇస్తారో చెప్పండి. తేదీ తెలిస్తే అతను టోకు వర్తకునికి మాట ఇవ్వగలడు. పెళ్లిళ్లు చేసేవారు టైలరుకు, వంటవారికి, ప్రెస్సుకు ఆఖరున ఇద్దామని ఆపవద్దు. సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థల బిల్లులను ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి ఆపరాదని 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం చెబుతోంది.

విద్యార్థులకు: మీకు తెలిసిన దుకాణానికి ఉద్యం రిజిస్ట్రేషన్ చేసిపెట్టండి. అది ఉచితం, ఆధార్‌తో జరుగుతుంది. యు.పి.ఐ. జమలన్నీ ఒకే ఖాతాలో పడేలా చూడండి. అప్పు అడిగినప్పుడు బ్యాంకు ముందుగా చూసేది ఖాతాలో లావాదేవీలే. రూ. 50,000 వరకు ముద్రా 'శిశు' రుణానికి తాకట్టు అక్కర్లేదు. పట్టణాల్లోని తోపుడు బండ్లవారికి 2020లో మొదలైన పి.ఎం. స్వనిధి పథకం ఉంది. 2025 ఆగస్టులో దాని మొదటి విడత రుణాన్ని రూ. 10,000 నుండి రూ. 15,000కు పెంచారు. వాయిదాలు సక్రమంగా కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది.

అభ్యాసం:
1. పై లెక్కలో 20 ఇళ్లలో ఎన్ని ఇళ్లవారు పద్దు తీరిస్తే రూ. 18,000 లోటు పోతుంది? (జవాబు: 12)
2. ఈ నెల మీ ఇంటి పద్దు ఎంత, ఎన్ని రోజులుగా ఉంది? అమ్మానాన్నలను అడిగి రాయండి. జవాబు మాకు పంపనక్కర్లేదు, దుకాణంలో చెల్లిస్తే చాలు.