బ్రాంచి మారితే నాలుగేళ్లూ బూడిదలో పన్నీరేనా?

నరసరావుపేట బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే మా బంధువులబ్బాయి అడిగాడు. "బాబాయ్, ట్రిపుల్‌ఈ చదివి ఎంటెక్‌లో కంప్యూటర్స్‌కి పోతే ఈ నాలుగేళ్లూ దండగేనా?" వాడిది మాచర్ల దగ్గర పల్లె. దండగేనని వాళ్ల నాన్న తేల్చేశాడట. చేరేటప్పుడే చూసుకోవాల్సిందని కూడా అన్నాడట.

చేరేటప్పుడు చూసుకున్నదెవరు? మనలో చాలామందికి బ్రాంచిని ఎంచిపెట్టింది ర్యాంకు. పదిహేడేళ్లవాడు నెట్ సెంటర్లో బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, పక్కనున్న పెదనాన్నో సెంటరు కుర్రాడో వెబ్ ఆప్షన్లు పెట్టేస్తారు. ఎంసెట్ 2021లో ఈఏపీసెట్ అయింది గానీ ఆ పావుగంట తంతు మాత్రం మారలేదు. అలా అంటుకున్న బ్రాంచిని ఇరవై ఒక్కటో ఏట మళ్లీ ఆలోచించుకుంటే తప్పేమీ లేదు. నిజానికి వాడు సొంతంగా తీసుకునే మొదటి నిర్ణయం అదే కావచ్చు.

"సరే, ఎందుకు మారాలనుకుంటున్నావు?" అన్నాను.

"మెషీన్స్, సిగ్నల్స్... ఆ లెక్కలు నా వల్ల కావట్లేదు. కోడింగయితే హాయి. మెషీన్ లెర్నింగ్ చేస్తా."

నాకు భయమేసింది అక్కడే. మెషీన్ లెర్నింగ్ పుస్తకం తెరిస్తే మాట్రిక్సులు, ప్రాబబిలిటీ, కాలిక్యులస్. ఫోను మన మాట వినాలంటే ముందు ఆ మాటను సిగ్నల్‌గా విడగొట్టాలి. ఏ లెక్కకు దడిసి వీడు గోడ దూకుతున్నాడో, అదే లెక్క పేరు మార్చుకుని అవతల అరుగు మీద కూర్చుని ఉంది.

అలాగని బ్రాంచి మారకూడదని కాదు. కంప్యూటర్‌కు మాటలు నేర్పినవాళ్లలో తొలి వరసలో నిలిచే మనిషి మన తెలుగువాడే, చదివింది సివిల్. రాజ్ రెడ్డి 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్, 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ఎంటెక్. ఆ తర్వాత అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు. ఈ పెద్ద పేర్ల మధ్య నా కన్ను ఆగేది ఆ ఐబీఎం ఉద్యోగం దగ్గర. కంప్యూటర్ల రంగం బాగుందట అని చెవిన పడి ఆయన కదల్లేదు. దాంతో కొన్నేళ్లు పనిచేశాక, చేతికి దాని మసి అంటాక వెళ్లారు. బ్రాంచి మారడంలో సత్య నాదెళ్ల సంగతీ ఇంతే. మణిపాల్‌లో ఎలక్ట్రికల్, అమెరికాలో మిల్వాకీ వెళ్లాక కంప్యూటర్ సైన్స్.

దారులున్నాయి. గేట్ రాయడానికి థర్డ్ ఇయర్ నుంచే అర్హత, మీ బ్రాంచి పేపరే రాయాలన్న నిర్బంధం లేదు. అనుమతించిన జతల్లో రెండు పేపర్లు రాయొచ్చు, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. డేటా సైన్స్, ఏఐకి 2024 నుంచి విడిగా పేపరే ఉంది. మెలిక మరోచోట ఉంది. ఏ ఎంటెక్‌కు ఏ బీటెక్ పనికొస్తుందన్నది ఆయా సంస్థ చెబుతుంది. స్కోరు చేతికొచ్చాక ఆ జాబితా చూసి లబోదిబోమనేకంటే, ఫారం నింపేముందే చూడండి. విదేశాలకు వెళ్లేవాళ్లు ఇంకోటి కనుక్కోవాలి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి ముందు పాసవ్వాలన్న షరతుతో సీటిచ్చే యూనివర్సిటీలున్నాయి. ఆ కోర్సులు డిగ్రీ లెక్కలోకి రాకపోవచ్చు, ఫీజు మాత్రం కట్టాలి. ఇక్కడ ఎన్‌పీటెల్‌లో అవే పాఠాలు ఉచితంగా వినొచ్చు. ఆరు వారాలు విన్నాక కూడా ఆవలింత రాలేదంటే మీ ఇష్టం నిజమైనదే.

అందరూ కంప్యూటర్లకే మారక్కర్లేదు కూడా. పిడుగురాళ్ల సున్నం బట్టీల దుమ్ములో పెరిగిన సివిల్ అమ్మాయి ఎన్విరాన్‌మెంటల్ తీసుకుంటే, సొంతింటి లెక్క తేల్చుకోవడానికి బయల్దేరినట్టే.

మళ్లీ మావాడి దగ్గరికొస్తాను. "ఈ నాలుగేళ్లలో నీకు విసుగనిపించని రోజు ఒక్కటి చెప్పు" అన్నాను. చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. మిరప తోటలో బోరు మోటారు ఏడాదికి రెండుసార్లు కాలుతుందట. రీవైండింగ్ షాపుకు మోసుకెళ్లలేక, దానికో చిన్న బోర్డు బిగించి కరెంటు రీడింగులు రాసిపెట్టాడట. కాలడానికి రెండు రోజుల ముందు నుంచే రీడింగులు అదోలా ఊగుతున్నాయట. ఫోన్లో గ్రాఫు చూపించాడు.

"ఈ ఊగడాన్ని కంప్యూటరే పసిగట్టి నీకు మెసేజ్ పెట్టాలంటే ఏం తెలియాలి?"

గ్రాఫు వంకే చూస్తూ, "సిగ్నల్సే కదా బాబాయ్" అన్నాడు నెమ్మదిగా.

మాచర్ల బస్సొచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. సిగ్నల్స్ పుస్తకం పోయిన నెలే జూనియర్‌కి ఇచ్చేశాడట. రేపు పోయి అడుక్కోవాలి అన్నాడు.