తోక మింగండి నాయనా

మొన్న పారిస్ లా షాపెల్‌లో, శ్రీలంక తమిళుల అంగట్లో కరివేపాకు ఏరుకుంటా ఉంటే, కొత్తగా దిగిన మన పిల్లోడొకడు ఫోన్లో ఫ్రెంచి మాట్లాడతుండాడు. "ఇల్స్ పార్లెంట్" అన్నాడు. గుండె ఝల్లుమంది. వచ్చిన కొత్తలో నేనూ ఇట్నే కూసినాను.

మిగతావన్నీ సులువే. బండ్లెక్కేదానికి నవిగో కార్డు తీసుకోండి. ఎక్కువకాలం ఉండే వీసా అయితే దిగిన మూడు నెలల్లోపల ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోండి. మంచి బూట్లు కొనండి. అంతే.

కొంప ముంచేది క్రియలు. 'వాళ్ళు మాట్లాడతారు' అనేదానికి చివర ఇ, ఎన్, టి రాస్తారు, పలకరు. అచ్చులో పంక్తి చివర విరిస్తే అది రెండు ముక్కలు, నోట్లో మాత్రం 'పార్ల్', ఒకటే ముక్క. మనది అజంత భాష. బస్ కనపడితే బస్సు చేసిందాకా మనకు నిద్రపట్టదు. ఇక్కడ తోక మింగాల. నామవాచకమైతే మింగకూడదు: 'కూవాఁ' అంటే సన్యాసినుల మఠం, అవే ఏడక్షరాలు క్రియగా వస్తే 'కూవ్', కోళ్ళు పొదుగుతాయని. మళ్ళీ చెప్తుండా, క్రియకు తోక పలకొద్దు.

అసలు గండం అచ్చుతో మొదలయ్యే క్రియ దగ్గర. 'వాళ్ళు' అనే అర్థమిచ్చే 'ఇల్' చివర మూగగా పడున్న ఎస్ లేచి, తేనెటీగ మాదిరి జుమ్మని పక్క ముక్కలో దూరతుంది: 'ఇల్-జోఁ', వాళ్ళకు ఉంది అని. ఏమి, అంటివి కలిసి ఏమంటివి కాలేదా, అట్నే. ఆ జుమ్మనేది రాక 'ఇల్-సోఁ' అన్నారో, వాళ్ళు ఫలానా అని అర్థం.

నేనన్నాను. ఊర్నించి వచ్చే దంపతులకు ఇల్లు చూసేదానికి పోయి, "వాళ్ళకు ఇద్దరు పిల్లలు" అనబోయి "వాళ్ళు ఇద్దరు పిల్లలు" అన్నాను. ఇంటామె కళ్ళద్దాలు తీసి, "పెద్దవాళ్ళెవరూ రారా?" అనింది. గొంతు పెంచి మళ్ళీ అదే అన్నాను. గట్టిగా అరిస్తే తప్పు ఒప్పయిపోతుందనుకునే జాతి కదా మనది! తలుపేసుకునింది. ఆ నలుగురూ మూడు వారాలు నా ఒంటిగదిలో ఉన్నారు, నేను పొయ్యి పక్కన పడుకున్నా. కాబట్టి జుమ్మనండి. అద్దం ముందర నిలబడి జుమ్మనండి.

నేను, నువ్వు, అతను, వాళ్ళు, అందరికీ అదే 'పార్ల్'. తోకలు మింగేశారు గనక, ఎవరన్నదీ ప్రతిసారీ ముందు చెప్పుకోవాల్సిందే. మనకా అగత్యం లేదు. నాయుడుపేట నుంచి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే చాలు, ఆ చివరి 'వా'లోనే నేనుంటా. స్వర్ణముఖి ఇసకలో ఆడతా ఉంటే గట్టు మీంచి "వస్తావా, రావా?" అని కేకేసేది. ఎవర్ని పిలిచిందో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

పిల్లోడు ఫోన్ పెట్టేసినాక ఏ ఊరన్నాను. సూళ్ళూరుపేటంట. తిట్టబోయి, తిన్నావా అన్నాను. లేదన్నాడు. ఇంటిదాకా 'ఇల్-జోఁ, ఇల్-సోఁ' అనిపిస్తానే తీసకపోయినా.