టార్చి వెలుగులో తేటగా ఉంటే మంచినీళ్లేనా?



ఈ నెల తొమ్మిదో తరగతి పిల్లలకు ద్రావణాలు, మిశ్రమాలను వేరుచేసే పద్ధతుల పాఠం జరుగుతోంది. రాత్రిపూట మీ అబ్బాయో అమ్మాయో వంటింట్లో గ్లాసులు వరసగా పెట్టి, లైట్లు ఆపేసి, మీ ఫోన్ అడిగితే కోప్పడకండి. అది హోంవర్కే. వీలైతే పది నిమిషాలు మీరూ పక్కన నిలబడండి.

మూడు గాజు గ్లాసుల్లో తేట నీళ్లు తీసుకోవాలి. మొదటి దాంట్లో రెండు చెంచాల పంచదార కరిగించాలి. రెండో దాంట్లో నాలుగైదు చుక్కల పాలు, మూడో దాంట్లో చిటికెడు మట్టి కలపాలి. చీకట్లో ఒక పక్కనుంచి ఫోన్ టార్చి వేసి, ఎదురుగా కాకుండా పక్కనుంచి చూడాలి. పంచదార నీళ్లలో వెలుగు దారి దాదాపు కనిపించదు. పాల నీళ్లలో తెల్లటి చార స్పష్టంగా కనిపిస్తుంది. మట్టి నీళ్లలోనూ వెలుగు చెదురుతుంది కానీ, కాసేపటికి మట్టి అడుగుకు దిగుతుంది. పంచదార బదులు ప్యాకెట్ ఉప్పు వేస్తే కాస్త మసక రావచ్చు. ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, అందుకే పంచదార అన్నాం.

కారణం కణాల పరిమాణం. ద్రావణంలో కణాలు ఒక నానోమీటరు కంటే చిన్నవి, మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. అంత చిన్న కణాలు కాంతిని చెప్పుకోదగ్గంతగా చెదరగొట్టలేవు. పాలలోని కొవ్వు, ప్రొటీన్ కణాలు చాలా పెద్దవి, కాబట్టి చెదరగొడతాయి. ఇదే టిండాల్ ప్రభావం. పాల గ్లాసును మరికాస్త జాగ్రత్తగా చూడమనండి: పక్కనుంచి లేత నీలి ఛాయ, టార్చికి ఎదురుగా చూస్తే పసుపు, నారింజ ఛాయ కనిపిస్తాయి. నీలి కాంతి ఎక్కువగా చెదిరిపోతే, మిగిలింది నేరుగా వస్తుందన్నమాట.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. మా క్లాసులో దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి, ‘సర్, చార కనబడలేదు, కాబట్టి స్వచ్ఛమైన నీళ్లు’ అంటారు. ఆ పిల్లవాణ్ని తప్పు పట్టలేం, పెద్దవాళ్లమూ తేటగా ఉన్న నీళ్లను మంచినీళ్లనే అనుకుంటాం. కానీ రెండు చెంచాల పంచదార కలిసిన గ్లాసు కూడా ఆ పరీక్షలో నెగ్గింది కదా!

దీని ఖరీదు ఎంతో తెలుగువాళ్లకు బాగా తెలుసు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో తొలిగా నమోదైనది 1937లో, నేటి ప్రకాశం ప్రాంతం నుంచే. తర్వాత నల్గొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. పళ్ల మీద మచ్చలు, వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్ను, ఇవన్నీ తెచ్చిపెట్టిన బోరు నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉండేవి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 15 లీటర్ల బిందెలో మొత్తం 22.5 మిల్లీగ్రాములు. కన్నుకు, నాలుకకు, టార్చికి అందని లెక్క అది.

మరి వడకడితే? కరిగినది గుడ్డలోంచి నీళ్లతో పాటే దిగిపోతుంది. మరిగిస్తే? క్రిములు చస్తాయి, నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది. లీటరు నీళ్లు అరలీటరు అయ్యేదాకా మరిగిస్తే దాని గాఢత రెట్టింపవుతుంది. ఈ ఒక్క వాక్యం పిల్లలు తమంతట తాము చెప్పగలిగితే గాఢత అంటే ఏమిటో అర్థమైనట్టే.

లెక్కల్లో కూడా ఇలాంటి తికమకే ఉంది. ‘100 గ్రాముల నీటిలో 20 గ్రాముల ఉప్పు’ అంటే చాలామంది 20 శాతం అని రాసేస్తారు. ద్రావణం బరువు 120 గ్రాములు కాబట్టి జవాబు 16.67 శాతం. ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

వేరుచేసే పద్ధతుల్లో నాకు బాగా నచ్చేది నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక తగు పాళ్లలో కలిపి కదిపితే మెత్తటి తెట్టెల్లాంటివి ఏర్పడతాయి. ఫ్లోరైడ్ వాటిని అంటిపెట్టుకుని అడుగుకు దిగుతుంది, పై నీటిని తేర్చుకోవాలి. కరిగి ఉన్నదాన్ని ముందు అడుగుకు దిగేదానికి అంటించి, ఆ తర్వాత మన నాయనమ్మలు చేసినట్టే నీళ్లు తేర్చడం. వాళ్లు గోదావరి ఎర్రనీళ్లకు పటికో, చిల్లగింజో వాడేవాళ్లు. పాళ్లు తప్పితే ఉపయోగం ఉండదు కాబట్టి దీన్ని పిల్లలు ఇంట్లో ప్రయత్నించకూడదు.

ఇక ఫిల్టర్ల సంగతి. యూవీ దీపం కంటికి కనబడని కాంతితో క్రిముల జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది, కరిగిన లవణాలను తాకదు. నీళ్లు మురికిగా ఉంటే ఆ కాంతి క్రిములదాకా పూర్తిగా చేరదు కూడా. ఆర్‌ఓ పొర కరిగిన లవణాల్ని చాలావరకు ఆపుతుంది, బదులుగా కొంత నీటిని వదిలేస్తుంది. అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత బాగా ప్రవహిస్తోందో చూసి మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. 300 అని చూపితే, ఆ 300లో ఫ్లోరైడ్ ఒకటా, నాలుగా అన్నది అది చెప్పలేదు. బోరు నీళ్లు తాగే ఇళ్లవాళ్లు మీటరును నమ్ముకోకుండా ల్యాబ్‌లో విడిగా ఫ్లోరైడ్ పరీక్ష చేయించడం మేలు.

ఆ ల్యాబ్‌లో వాడే ఒక పద్ధతిలో మళ్లీ కాంతే సాక్ష్యం చెబుతుంది. జిర్కోనియంతో కలిసిన ఎర్రటి రంగు ద్రావణాన్ని నీళ్లలో వేస్తారు. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంను లాగేసుకుంటుంది, ఎరుపు పలచబడుతుంది. ఎంత పలచబడిందో, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందన్న కొలతను బట్టి లెక్కగడతారు. టార్చికి దొరకనిది అలా రంగుకు దొరికిపోతుంది.