సున్నపురాయి కాలుట – రైతు ఎరుగవలసిన తూకము



మన పల్లెలలో పూర్వము సున్నము కొనని యిల్లు అరుదు. గోడలకును, తోటలలో తెగులుమందునకును అది కావలయును. అయినను ఆ తూకములో సున్నమెంత, కాలని రాయి యెంతయని విచారించువారు అరుదు. కావున బట్టీలో రాయి యేమగునో ఈ నెల వివరింపదలచితిమి.

పల్నాటి పిడుగురాళ్ళ ప్రాంతమున కాల్చు రాయియు, సముద్రతీరమున కాల్చు గుల్లలును ముఖ్యముగా ఒకే పదార్థము. శాస్త్రజ్ఞులు దానిని కాల్షియం కార్బొనేటందురు. అందు సున్నమును, బొగ్గుపులుసు వాయువును పెనవేసికొనియుండును. సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడి తగిలినపుడు ఆ బంధము విడి, వాయువు వెడలిపోవును; సున్నము మిగులును. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు పూర్తిగా కాలినచో 44 కిలోల వాయువు పోయి 56 కిలోల సున్నము నిలుచును. సున్నమునకు తీక్ష్ణత అగ్నినుండి వచ్చునని పూర్వులు తలచిరి. వాయువు పోవుటయే అందుకు కారణమని స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ తూచి చూచి, 1756లో ప్రకటించెను.

రాయి పైనుండి లోపలికి కాలును. పెద్ద బండలు వేసినచో పైపొర సున్నమైనను నడుమ పచ్చిరాయియే యుండును. వాయువు పోవుటకు గాలి యాడవలెను. అది బట్టీలో నిలిచినచో రాయి విడుటకు ఇంకను హెచ్చు వేడి కావలయును. కాబట్టి రాళ్ళను ఇంచుమించు ఒకే పరిమాణమున పగులగొట్టి, నడుమ సందులుంచి పేర్చవలెను.

కొనునపుడు పరీక్ష యిది. ఒక కిలో సున్నపుగడ్డలను ఇనుప బకెట్టులోనుంచి, దూరముగా నిలిచి, కొంచెము కొంచెముగా నీరు పోయవలెను. మంచి సున్నము కుతకుతలాడి, ఉబ్బి, పిండియగును. పిదప నీటితో కలిపి వడపోసి, మిగిలిన రాళ్ళను ఆరబెట్టి తూచవలెను. అవి 200 గ్రాములున్నచో, రూపాయికి ఇరువది పైసలు రాతికే చెల్లించినట్లు. గాలి తగిలి నిలువయున్న సున్నము తేమను, పిమ్మట బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల మొదటి పదార్థమే యగును. అట్టిది నీట వేడెక్కదు. నిమ్మరసము ధారాళముగా పోసిన బుసబుస పొంగును.

ఇట్టి చచ్చిన సున్నముతో బోర్డో మిశ్రమము చేయుట హానికరము. 100 లీటర్ల నీటికి మైలుతుత్తము ఒక కిలో, మంచి సున్నము ఒక కిలో చేర్చుట వాడుక. సున్నము బలహీనమైనచో తుత్తము విడిగా నిలిచి ఆకులను మాడ్చును. మెరుగుపెట్టిన ఇనుప కత్తిని మందులో కొంతసేపు ముంచి చూడుడు. ఎర్రని రాగిపూత పట్టినచో ఇంకను సున్నము చేర్చవలెను.

పులుపు నేలలకు సున్నము వేయువారు ఇంకొకటి గమనింతురుగాక. కాల్చిన సున్నము 56 కిలోలు, నీట విరిచినది 74 కిలోలు, కాల్చని మెత్తని రాతిపొడి 100 కిలోలు – ఈ మూడింటికిని పులుపును విరుచు శక్తి సమానము. రాతిపొడి మెల్లగా పనిచేయును; కాని కాల్చు ఖర్చు లేదు. ఏది చౌకయో లెక్కించి కొనుడు. మన నల్లరేగడి భూములనేకములందు సున్నము సహజముగనే యున్నది; మట్టి పరీక్ష చేయింపక వేయరాదు.

ప్రాణమునకు సంబంధించిన మాట యొకటి. బట్టీనుండి వెడలు వాయువు గాలికంటె బరువైనది; పల్లమున నిలుచును. దానితో వంటచెరకు, బొగ్గు పొగలోని విషవాయువులును కలిసియుండును. చలికాలమున వెచ్చదనమునకై బట్టీ ప్రక్కన పరుండరాదు, పిల్లలను పరుండనీయరాదు. సున్నము కంట పడినచో వెంటనే విస్తారముగా నీటితో కడిగి, వైద్యుని యొద్దకు పోవలెను.

సంఘము పక్షమున బండ్లకొలది సున్నము కొనునపుడు, ముందుగా ఒక కిలో పరీక్షించి ధర నిర్ణయింపుడని సభ్యులను కోరుచున్నాము. ఒక బకెట్టు, ఒక త్రాసు చాలును.